ఏప్రిల్ 30 జాజ్ డేకి బెంగళూరులో కలిసి కూర్చుని విందామనుకుంటున్నాం, ఎవరిది ఏ రికార్డు పెట్టమంటారు?

బ్లూనోట్_బెజవాడ:

అందరికీ నమస్తే అండి. ఏప్రిల్ 30 ఇంటర్నేషనల్ జాజ్ డే కదా, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగువాళ్ళం కొంతమందిమి ఆ సాయంత్రం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కూర్చుని రికార్డులు పెట్టుకుని విందామనుకుంటున్నాం. రాత్రి పదింటికల్లా సౌండ్ ఆపెయ్యాలి, అసోసియేషన్ రూల్, కాబట్టి మన చేతిలో ఉండేది గట్టిగా రెండు గంటలు. వచ్చేవాళ్ళలో సగానికి సగం మంది జాజ్‌ని కాఫీ షాపులో వెనకాల మోగుతుంటే విన్నవాళ్ళే తప్ప పనిగట్టుకుని విన్నవాళ్ళు కాదు, ఇంకొంతమంది చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నవాళ్ళు, కృతులూ రాగాలూ బాగా తెలుసు గానీ ఇటువైపు ఎప్పుడూ రాలేదు. వీళ్ళందరికీ ఎక్కేలా ఏం పెట్టాలి అన్నదే నా ప్రశ్న.

టాప్ టెన్ లిస్టులు వద్దండి ప్లీజ్, అవి నెట్‌లో బోలెడు దొరుకుతాయి. మీరు ప్రాణంగా చూసుకునే ఒక్క మనిషి, ఆ మనిషిది ఒక్క రికార్డు, అందులో ఎక్కడ చెవులు రిక్కించి వినాలో, అంతే. ఎందుకిష్టమో కూడా రాయండి, ఎంత పొడుగైనా పర్లేదు, ఆ రోజు అది చదివి వినిపించి ఆ తర్వాతే పాట పెడదామని ఆలోచన.

నాది నేను ముందే చెప్పేస్తా. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, వెస్ట్ ఎండ్ బ్లూస్, 1928 జూన్ 28న చికాగోలో రికార్డయింది, మూడు నిమిషాల చిల్లర ఉంటుంది. పాట ఆయన్ని పైకి తెచ్చిన కింగ్ ఆలివర్‌ది. మొదలవ్వడమే డ్రమ్స్ లేవు పియానో లేదు, ట్రంపెట్ ఒక్కటే, పన్నెండు పదమూడు సెకన్లు, జంకూ గొంకూ లేకుండా పైకి ఎగబాకి అక్కడో క్షణం నిలబడి, మళ్ళీ మెలికలు తిరుగుతూ కిందకి దిగుతుంది, ఆ దిగేటప్పుడు లయ ఎటు పోతోందో మనకి అంతుపట్టదు కానీ ఆయనకి ప్రతి స్వరం ఎక్కడ పడాలో తెలుసు. అప్పుడు బ్యాండ్ వచ్చి చేరుతుంది. మధ్యలో క్లారినెట్ ఒక ముక్క అంటే ఈయన ట్రంపెట్ పక్కన పెట్టేసి మాటల్లేకుండా ఉత్త గొంతుతో జవాబు చెప్తాడు, ఎంత నెమ్మదిగా, ఎంత ఆప్యాయంగా అంటాడో. తర్వాత ఎర్ల్ హైన్స్ పియానో, అదో పెద్ద కథ, అది ఇంకోసారి. చివరి చుట్టులో ఆర్మ్‌స్ట్రాంగ్ పైస్థాయిలో ఒకే ఒక్క స్వరాన్ని నాలుగు బార్ల పాటు (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బలు) పట్టి ఉంచుతాడు, కింద కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మారుతున్నా ఆయన కదలడు, మనకి ఊపిరాడదు, ఇక తెగిపోతుందేమో అనుకునేసరికి దాన్ని వదిలి చినుకుల్లా కురిపిస్తాడు.

అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. న్యూ ఆర్లీన్స్‌లో కటిక పేదరికంలో పుట్టి, 1912 డిసెంబర్ 31 రాత్రి వీధిలో పిస్టల్ పేల్చాడని పిల్లల జైలు లాంటి హోమ్‌లో పడేస్తే అక్కడ కార్నెట్ చేతికిచ్చారు. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ కుర్రాడు ఈ రికార్డు చేశాడు. చాలామందికి 1967 నాటి వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్ గొంతే తెలుసు, అది నాకూ చాలా ఇష్టం, కానీ జాజ్‌లో ఒక్కడు నిలబడి తన కథ తాను చెప్పుకోవడం అనే పద్ధతి ఇంత గట్టిగా నిలబడింది అంటే అది కుర్రతనంలో ఉన్న ఈ లూయీ వల్లే అని నా నమ్మకం. మీవి చెప్పండి.


రెండో_కాలం:

ముందుగా ఇలాంటిది పెడుతున్నందుకు థాంక్స్ అండి, నేను మల్లేశ్వరం నుంచి వస్తా, కచ్చితంగా.

నా ఓటు బిల్లీ హాలిడేకి. 1957 డిసెంబర్ 8న అమెరికాలో సీబీఎస్ టీవీలో ది సౌండ్ ఆఫ్ జాజ్ అని ఒక ప్రోగ్రామ్ లైవ్‌లో వేశారు, అందులో ఆవిడ ఫైన్ అండ్ మెలో పాడింది, పాట కూడా ఆవిడ సొంతమే. ప్రొజెక్టర్ ఉంటే దయచేసి ఇది వీడియోనే పెట్టండి, ఎందుకంటే ఇందులో వినడం ఎంత ముఖ్యమో చూడటం అంత ముఖ్యం. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంటుంది, చుట్టూ వాయించేవాళ్ళు, కోల్‌మన్ హాకిన్స్, బెన్ వెబ్‌స్టర్, రాయ్ ఎల్డ్రిడ్జ్, జెర్రీ మలిగన్, అందరూ ఉద్దండులే. ఆవిడ కొంచెం పాడటం, ఒకళ్ళు ముందుకొచ్చి వాయించడం, మళ్ళీ ఆవిడ. ఇలా నడుస్తుంటే లెస్టర్ యంగ్ వంతు వస్తుంది.

వీళ్ళిద్దరి సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. 1930ల్లో కలిసి ఎన్ని రికార్డులు చేశారో, ఆవిడ గొంతూ ఆయన టెనర్ శాక్సఫోనూ ఒకదాని వెనకాల ఒకటి నడుస్తుంటే ఏది ఎవరిదో విడదీయలేం. ఆవిడకి లేడీ డే అని పేరు పెట్టింది ఆయనే, ఆయన్ని ప్రెజ్ అని పిలిచింది ఆవిడే. ఈ ప్రోగ్రామ్ నాటికి ఇద్దరి ఆరోగ్యమూ బాగా చెడిపోయింది. ఆయన లేచి ఒకే ఒక్క చుట్టు వాయిస్తాడు, 12 బార్లు, మిగతావాళ్ళు వాయించిన దాంట్లో సగం స్వరాలు కూడా ఉండవు, ఊపిరి ఎక్కువ స్వరం తక్కువ, అయినా ఆ ప్రోగ్రామ్ మొత్తానికి అదే నిలిచిపోయింది. కెమెరా బిల్లీ మొహం మీదకి వెళ్తుంది. ఆవిడ కళ్ళూ, పెదవులూ, ఆ తల ఊపడం చూడండి. ఒక్కో స్వరాన్ని ఎంత మర్యాదగా అందుకుంటుందో, మన కచేరీల్లో ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు సరైన చోట తల ఊపుతారు చూడండి, అలాంటి వినికిడి అది. 1959 మార్చి 15న ఆయన పోయాడు, అదే ఏడాది జూలై 17న ఆవిడ పోయింది, 44 ఏళ్ళకే.

ఆవిడ గొంతు పెద్ద రేంజ్ ఉన్న గొంతేం కాదు. కానీ తాళం కంటే కాస్త వెనకాల, పదం రావాల్సిన చోట రాకుండా ఆలస్యంగా వచ్చి, వచ్చాక ఆ పదానికి అంతకు ముందు లేని బరువు తెస్తుంది. నేను వయొలిన్ నేర్చుకుంటున్నా కాబట్టి చెప్తున్నా, అనాగతం, అంటే దెబ్బ పడ్డాక ఎత్తుకోవడం, పుస్తకంలో చదివితే వచ్చేది కాదు, ఈవిడ దగ్గర వింటే అర్థమైంది.

స్ట్రేంజ్ ఫ్రూట్ కూడా పెట్టాలని ఉంది గానీ అది ఇలాంటి సాయంత్రంలో మధ్యలో పెట్టే పాట కాదు. చెట్లకి ఉరి తీసిన నల్లవాళ్ళ శవాల గురించి 1939లో పాడింది, తన కంపెనీ రికార్డు చెయ్యనంటే కమోడోర్ అనే చిన్న లేబుల్‌కి వెళ్ళి చేసింది. న్యూయార్క్ కెఫే సొసైటీలో ఈ పాటకి ముందు సర్వర్లు వడ్డన ఆపేసేవాళ్ళు, లైట్లన్నీ తీసేసి ఆవిడ మొహం మీద ఒక్కటే ఉంచేవాళ్ళు, పాట అయ్యాక ఇక ఎంత అడిగినా ఇంకోటి పాడేది కాదు. పెడితే అలాగే పెట్టాలి.


కేఆర్‌పురం_కుర్రాడు:

బ్రో సూపర్ ఐడియా. నేను వస్తా, మెట్రోలో వచ్చి అక్కణ్ణుంచి ఆటో.

నాది టేక్ ఫైవ్. అందరికీ తెలిసిందే కదా అంటారేమో, తెలిసిందే, కానీ లెక్క పెట్టుకుంటూ విన్నవాళ్ళు ఎంతమంది. 1959లో డేవ్ బ్రూబెక్ క్వార్టెట్, కంపోజ్ చేసింది మాత్రం శాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. అయిదు దెబ్బలు, మూడు రెండుగా విరుగుతాయి. అక్కడికొచ్చే సంగీతం వాళ్ళందరికీ ఖండం (అయిదు లెక్క) చేతిలో ఉన్నదే, చెయ్యి వేసుకుంటూ వినమనండి, పియానో మొదటి నుంచి చివరి దాకా ఆ అయిదుని వదలకుండా తిప్పుతూనే ఉంటుంది, దాని మీద జో మొరెల్లో డ్రమ్స్ మీద ఎంత తాపీగా ఖాళీలు వదులుతూ వాయిస్తాడో. తని ఆవర్తనం (కచేరీలో మృదంగం వాళ్ళు విడిగా వాయించే భాగం) ఇష్టమున్న ఎవరికైనా రెండో నిమిషం దాటాక చెయ్యి దానంతటదే లేస్తుంది. అదే ఆల్బమ్‌లో ఇంకోటుంది, ఇస్తాంబుల్ వీధుల్లో విన్న లయ పట్టుకుని బ్రూబెక్ చేసింది, తొమ్మిది దెబ్బలు, 2+2+2+3. ఇస్తాంబుల్ వెళ్ళిన ఆ టూర్ 1958లో, అదే టూర్‌లో వాళ్ళు ఇండియా కూడా వచ్చారు, వెనక్కెళ్ళి కలకత్తా బ్లూస్ అని ఒకటి చేశారు.

ఒక విషయం మాత్రం ఆ రోజు తప్పకుండా చెప్పండి. డెస్మండ్ 1977లో పోయేముందు టేక్ ఫైవ్ మీద వచ్చే రాయల్టీ మొత్తం అమెరికన్ రెడ్ క్రాస్‌కి రాసిచ్చేశాడు. ఇప్పటికీ ఆ పాట ఎక్కడైనా మోగితే డబ్బు అక్కడికే వెళ్తుంది. ఆ శాక్స్ టోన్‌లో ఉన్న మెత్తదనం మనిషిలోనూ ఉంది.


కొత్త_శ్రోత:

నాకు ఒక డౌటు అండి, తెలిసినవాళ్ళు చెప్తారని అడుగుతున్నా. మొదట్లో ట్యూన్ బాగానే ఉంటుంది, ఫాలో అవుతా. ఎప్పుడైతే ఒక్కొక్కళ్ళు సోలో మొదలుపెడతారో అక్కడ నాకు పట్టు తప్పుతుంది, పాట ఎటు పోయిందో తెలీదు, అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ ట్యూన్ వస్తుంది. మధ్యలో ఏం పట్టుకుని వినాలి? అందరూ ఇష్టమొచ్చినట్టు వాయించేస్తున్నట్టు అనిపిస్తుంది.


బ్లూనోట్_బెజవాడ:

చాలా మంచి ప్రశ్న అడిగారు, ఆ రోజు మొదటి పది నిమిషాలు దీనికే పెట్టాలి అనుకుంటున్నా.

పాట ఎక్కడికీ పోదండి. ట్యూన్ ఒక్కటే పక్కకి తప్పుకుంటుంది, దాని కింద ఉన్న చట్రం అలాగే తిరుగుతూ ఉంటుంది. బ్లూస్ అయితే ఆ చట్రం 12 బార్లు, బార్‌కి నాలుగు దెబ్బలు, మొత్తం 48 దెబ్బలకి ఒక చుట్టు. మొదటి నాలుగు బార్లు ఇంటి దగ్గర ఉన్నట్టు ఒకే కార్డ్ మీద, తర్వాత రెండు బార్లు నాలుగో స్వరం మీద కట్టిన కార్డ్‌కి వెళ్ళి, రెండు బార్లు వెనక్కి, చివరి నాలుగు బార్లలో అయిదో స్వరానికి ఎక్కి మళ్ళీ ఇంటికి. ఇది ఒక ఆవర్తం అనుకోండి. వెస్ట్ ఎండ్ బ్లూస్ ఇదే, పైన రెండో_కాలం గారు చెప్పిన ఫైన్ అండ్ మెలో కూడా ఇదే. ట్యూన్ అందరూ కలిసి ఒకసారి వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కళ్ళకి ఒకటో రెండో పదో చుట్లు, చివర్లో మళ్ళీ ట్యూన్.

మీరు చెయ్యాల్సింది ఒక్కటే, సోలో మొదలవ్వగానే శాక్సఫోన్‌ని కాసేపు వదిలేసి కింద బేస్ వినండి. బేస్ వాయించేవాడు కార్డ్ ఎప్పుడు మారిందో మీకు చెప్తూనే ఉంటాడు. రెండు చుట్లు అలా విన్నాక పైకి రండి, అప్పుడు తెలుస్తుంది ఆ పైన వాయించేవాడు కార్డ్ మారకముందే ముందుకెళ్ళి ఎలా ఎదురు చూస్తున్నాడో, ఎక్కడ కావాలని ఆలస్యం చేస్తున్నాడో. నెరవల్‌లో సాహిత్యం ఒకటే లైను, తాళం అదే, దాని లోపలే గాయకుడు అటూ ఇటూ విహరిస్తాడు కదా. ఇష్టమొచ్చినట్టు వాయించడానికి ఇక్కడ కూడా ఎవరికీ వీల్లేదు, ఎడుపు (ఎత్తుకునే చోటు) తప్పితే పక్కనున్న నలుగురికీ తెలిసిపోతుంది.


పాత_రికార్డు:

నేను బెంగళూరు వచ్చి స్థిరపడి చాలా కాలమైంది, మా పిల్లలు ఇక్కడే చదువుకున్నారు. మీరంతా చికాగో, న్యూయార్క్ అంటున్నారు, చాలా సంతోషం, మన ఊరికి ఉన్న సంబంధం కూడా ఒకటి గుర్తు చేస్తాను.

చార్లీ మరియానో. 1923లో బోస్టన్‌లో పుట్టిన ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడు. బేస్ వాయించే చార్లెస్ మింగస్ 1963లో చేసిన ది బ్లాక్ సెయింట్ అండ్ ది సిన్నర్ లేడీలో ఆల్టో వినిపిస్తుందే, గుండె కోసేసే ఏడుపులాగా, అది ఈయనదే. అంత పేరున్న మనిషి, నలభై దాటాక మన నాగస్వరం దగ్గరికి వచ్చి శిష్యుడిలా నేర్చుకున్నాడు. ఇక్కడ బెంగళూరులో టి.ఎ.ఎస్. మణి గారి కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ ఉంది కదా, వాళ్ళతో కలిసి ఏళ్ళ తరబడి వాయించాడు. 1983లో ఈసీఎం లేబుల్ మీద వచ్చిన జ్యోతి అనే రికార్డు వాళ్ళది. ఆర్.ఏ. రమామణి గారు పాడతారు, మణి గారు మృదంగం. మరియానో అందులో తన గొప్ప చూపించుకోడు. ఆవిడ ఒక సంగతి వేశాక ఈయన ఎంతసేపు ఆగుతాడో వినండి. వెంటనే అందుకుని తిప్పి వాయించే సామర్థ్యం ఉంది, అయినా ఆగుతాడు, ఆ తర్వాత శాక్సఫోన్‌లో గమకాన్ని మనం పలికినట్టు కాకుండా తన భాషలోనే, చాలా వినయంగా పలుకుతాడు. ఫ్యూజన్ అంటే రెండు పక్కలా వేగం పెంచి చప్పట్లు కొట్టించుకోవడం అనుకునే రోజుల్లో ఇలాంటి రికార్డు రావడం నాకు ఇప్పటికీ అబ్బురమే. 2009లో జర్మనీలో కన్నుమూశాడు.

జ్యోతి ఎల్పీ నా దగ్గర ఉంది, మింగస్‌ది కూడా ఉంది. టర్న్‌టేబుల్ ఎవరైనా పెట్టగలిగితే రెండూ తెస్తాను. నా రికార్డు ప్లేయర్ బరువు, మోసుకు రాలేను.


అడయార్_శ్రోత:

చెన్నై నుంచి నేను కూడా దూరవచ్చా? ఏప్రిల్ 30కి రాలేను గానీ ఒక తెలుగువాడి పేరు ఈ లిస్టులో లేకపోతే నాకు నిద్ర పట్టదు.

మాండొలిన్ యు. శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు, అందరికీ కర్ణాటక సంగీతం వైపు నుంచే తెలుసు. కానీ 1983లో 14 ఏళ్ళ పిల్లాడిగా బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించాడు, జాజ్ వినడానికి వచ్చిన జనం లేచి నిలబడి ఇంకా వాయించమన్నారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ తన రిమెంబర్ శక్తి బృందంలోకి తీసుకున్నాడు, జాకిర్ హుస్సేన్, సెల్వగణేష్‌తో కలిసి. మెక్‌లాఫ్లిన్ ఎవరంటే ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్‌లు ఇన్ ఎ సైలెంట్ వే, బిచెస్ బ్రూలో గిటార్ వాయించినవాడు. ఆ గిటార్ పక్కన మన గోదావరి జిల్లా మాండొలిన్. 2000లో వచ్చిన ది బిలీవర్ ఆల్బమ్ నుంచి ఏదైనా పెట్టండి, మెక్‌లాఫ్లిన్ ఒక వాక్యం వేస్తే శ్రీనివాస్ దాన్ని అందుకుని చివర్లో చిన్న మెరుపు కలిపి తిరిగిచ్చే తీరు గమనించండి, మెరుపు తర్వాత ఒక్క క్షణం ఆ లోహపు తీగ మీద వేలు జారించి స్వరాన్ని వంచుతాడు, అక్కడ అది మాండొలిన్ అన్న సంగతే మర్చిపోతాం. ఆయన 2014 సెప్టెంబర్ 19న ఇక్కడే చెన్నైలో పోయినప్పుడు వయసు 45. జాకిర్ గారు కూడా 2024 డిసెంబర్‌లో వెళ్ళిపోయారు. ఆ ఆల్బమ్ ఇప్పుడు పెట్టుకుంటే మనసు మనసులో ఉండదు.

ఇంకోటి చెప్పి ఆపేస్తా. డ్యూక్ ఎల్లింగ్టన్ ఆర్కెస్ట్రా 1963లో మన దేశమంతా తిరిగింది, మద్రాసు కూడా వచ్చింది. ఢిల్లీలో ఉన్నప్పుడు ఎల్లింగ్టన్‌తో కలిసి పాటలు కట్టే బిల్లీ స్ట్రేహార్న్‌కి ఒక గోరువంక పాడటం వినిపించింది, ఆ కూతనే పట్టుకుని బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ అని చేశారు. అందులో జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ అచ్చం ఆ పిట్టే. చివరికొచ్చేసరికి ట్రాంబోన్లూ శాక్స్‌లూ కింద గర్జిస్తుంటే పైన ఆ పిట్ట తన మానాన తను పాడుకుంటూనే ఉంటుంది. ఆ టూర్ నవంబర్ 22న కెన్నెడీ హత్యతో మధ్యలోనే ఆగిపోయింది. పిల్లలు ఎవరైనా వస్తుంటే ఇది తప్పకుండా పెట్టండి, వాళ్ళకి బాగా నచ్చుతుంది.


సాయంత్రం_రాగం:

ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదేంటండీ!!

1934లో న్యూయార్క్ హార్లెంలో అపోలో థియేటర్ అమెచ్యూర్ నైట్‌కి 17 ఏళ్ళ పిల్ల డాన్స్ చెయ్యడానికి వెళ్ళింది. తనకన్నా ముందు ఇద్దరు అక్కచెల్లెళ్ళు అదరగొట్టేసరికి, ఇక డాన్స్ వద్దులే అని అప్పటికప్పుడు పాట పాడి ఫస్ట్ ప్రైజ్ కొట్టింది. తల్లి పోయి, ఇల్లు వాకిలీ సరిగ్గా లేని రోజులవి. ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు ఆశ్చర్యం, ఆ జీవితంలోంచి ఇంత వెలుతురు ఎలా వచ్చింది అని.

నేను చెప్పేది 1960 ఫిబ్రవరి 13, బెర్లిన్ కచేరీ. మ్యాక్ ద నైఫ్ పాడబోతూ మాటలన్నీ గుర్తుంటే బాగుణ్ణు అని ముందే అంటుంది. కొంత దూరం వెళ్ళాక నిజంగానే మర్చిపోతుంది. వేలమంది ముందు, బ్యాండ్ ఆగదు, శ్రుతి కూడా ఒక్కో చరణానికీ పైకి జరుగుతూ ఉంటుంది. ఆవిడ ఒక్క దెబ్బ కూడా జారవిడవకుండా అక్కడికక్కడ కొత్త మాటలు కట్టేస్తుంది, బాబీ డారిన్ పాడాడు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడాడు, ఇప్పుడు నేను పాడి దీన్ని పాడుచేస్తున్నా అని ప్రాస కుదిరేలా పాడి, ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుని కూడా దించేస్తుంది. దానికి గ్రామీ ఇచ్చారు. అవధానంలో పృచ్ఛకుడు అడ్డం పడితే పద్యం ఆగకుండా నడిపించేవాళ్ళని చూసిన తెలుగువాళ్ళకి ఈ పాట ఒక్కసారికే అర్థమవుతుంది.

అదే కచేరీలో హౌ హై ద మూన్ ఉంది, అది స్క్యాట్. అక్షరాలే, అర్థాలు లేవు, ఏడు నిమిషాల పాటు గొంతుతోనే ట్రంపెట్ సెక్షన్, శాక్స్ సెక్షన్ అన్నీ. మధ్యలో వేరే పాటల ముక్కలు గుర్తుపట్టేలోపే మారిపోతుంటాయి. పది నిమిషాల కల్పనస్వరం ఓపిగ్గా వినేవాళ్ళు దీన్ని వదలరు. అందుకే నా లెక్కలో మొదటిసారి వినేవాళ్ళకి బిల్లీ కన్నా ఎల్లా ముందు రావాలి.


రెండో_కాలం:

సాయంత్రం_రాగం గారూ, బెర్లిన్ కచేరీ విషయంలో మీతో నూటికి నూరు ఒప్పుకుంటా. ఆర్డర్ విషయంలో మాత్రం లేదండి. ఎల్లాని విన్న వెంటనే బిల్లీని పెడితే కొత్తవాళ్ళకి ఆ గొంతు చిన్నగా, అలసిపోయినట్టు వినిపిస్తుంది, మధ్యలో ఏదైనా వాయిద్యం ఉండాలి. టేక్ ఫైవ్ పెట్టచ్చు మధ్యలో.


నాలుగో_శ్రుతి:

ఏప్రిల్ 30 సాయంత్రం నాకు డ్యూటీ ఉంది, మార్చుకోడానికి ట్రై చేస్తున్నా, నర్సింగ్ షిఫ్టులు కదా కష్టం. వచ్చినా రాకపోయినా శాక్సఫోన్ వాయించిన జాన్ కోల్‌ట్రేన్‌ని మాత్రం వదలకండి.

ఎ లవ్ సుప్రీమ్, 1964 డిసెంబర్ 9న ఒక్కరోజులో రికార్డు చేశారు, నాలుగు భాగాలు, మొత్తం పెట్టే టైమ్ ఉండదు కాబట్టి నాలుగోది సామ్ (అంటే స్తోత్రం) పెట్టండి, ఏడు నిమిషాలు. దీని సంగతి ఏంటంటే ఆయన దేవుడికి ఒక కవిత రాసుకున్నాడు, అది ఆల్బమ్ కవర్ లోపల అచ్చు వేశారు. నాలుగో భాగంలో ఆయన చేసింది ఆ కవితని శాక్సఫోన్‌తో చదవడమే. అక్షరం అక్షరం. కవిత కాయితం ముందు పెట్టుకుని వేలు పెట్టి చూసుకుంటూ వింటే ఏ మాట దగ్గర ఉన్నాడో తెలిసిపోతుంది, దేవుడికి థాంక్స్ చెప్పే చోట స్వరం కిందకి వాలుతుంది. తాళం లేదు, ఎల్విన్ జోన్స్ వెనకాల టింపానీ మీద ఉరుము లాగా. ప్రింట్ తీసి అందరికీ ఒక్కో కాపీ ఇవ్వగలిగితే ఇవ్వండి. నేను నైట్ డ్యూటీ అయ్యాక బస్సులో ఇలాగే వింటా ఫోన్‌లో కవిత తెరుచుకుని, ఇంటికెళ్ళేసరికి మనసు తేటపడుతుంది.

ఆయన మన సంగీతం మీద చాలా మనసు పెట్టాడు, 1961లో ఇండియా అనే పీస్ వాయించాడు, రవిశంకర్ గారి మీద గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టాడు. 1967లో 40 ఏళ్ళకే పోయాడు, జూలై 17, బిల్లీ హాలిడే పోయిన తేదీనే. తర్వాత ఆయన భార్య ఆలిస్ కోల్‌ట్రేన్ హార్ప్, తంబురా కలిపి 1971లో జర్నీ ఇన్ సచ్చిదానంద చేసింది, సన్యాసం తీసుకుని తురీయసంగీతానంద అయ్యింది, కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టుకుని భజనలు పాడుకుంది. ఆ భజనల్లో డెట్రాయిట్ చర్చి గొంతు వినిపిస్తుంది, మన నామావళి వినిపిస్తుంది, రెండూ నిజమైన భక్తితోనే. ఆవిడని కోల్‌ట్రేన్ భార్యగా మాత్రమే చెప్పడం నాకు నచ్చదు, ఆవిడ స్థాయి వేరు.


కేఆర్‌పురం_కుర్రాడు:

అన్నీ బావున్నాయి గానీ మైల్స్ లేకుండా జాజ్ డే ఏంటి బ్రో?? సో వాట్ పెట్టాల్సిందే.


బ్లూనోట్_బెజవాడ:

పెడదాం, సంగీతం వచ్చినవాళ్ళకి అదే మొదటి మెట్టు అవుతుందనుకుంటున్నా. అది ఉన్న ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ, 1959 మార్చి 2, ఏప్రిల్ 22, రెండు రోజుల రికార్డింగ్. సో వాట్‌లో కార్డ్‌లు గబగబా మారవు, 16 బార్లు ఒకే స్వరస్థానాల మీద ఉంటుంది, అవి సరిగ్గా మన ఖరహరప్రియ రాగానివి. తర్వాత 8 బార్లు అదే మొత్తం అరస్వరం పైకి జరుగుతుంది, మళ్ళీ 8 బార్లు మొదటి చోటికి. శ్రుతి పెట్టె ఒక మెట్టు పైకి తిప్పి మళ్ళీ దించినట్టు, అంతే. మొదట్లో పాల్ చేంబర్స్ బేస్ మీద ప్రశ్న అడుగుతుంటే మిగతావాళ్ళు రెండే రెండు దెబ్బల్లో జవాబు చెప్తారు, ఆ జవాబు ఎప్పుడు అరమెట్టు పైకెళ్ళిందో పట్టుకున్నవాళ్ళకి ఇక మిగతా పాటంతా దారి తెలిసిపోయినట్టే. మైల్స్ సోలోలో స్వరాల మధ్య ఖాళీలు వినండి, తర్వాత కోల్‌ట్రేన్ వచ్చి ఆ ఖాళీలన్నీ ఎలా నింపేస్తాడో. కొత్త_శ్రోత గారూ, మీ డౌటుకి ఈ పాట బాగా పనికొస్తుంది, బేస్ సంగతి మర్చిపోకండి.

ఆర్డర్ ఇలా అనుకుంటున్నా, సో వాట్‌తో మొదలు, వెస్ట్ ఎండ్ బ్లూస్, ఎల్లా బెర్లిన్, టేక్ ఫైవ్, తర్వాత బిల్లీ వీడియో, గోరువంక, శ్రీనివాస్, జ్యోతి, చివర్లో సామ్. కవిత ప్రింట్లు ఆఫీసులో నేను తీస్తా. స్ట్రేంజ్ ఫ్రూట్ ఈసారికి వద్దు, దానికి విడిగా ఒక రోజు పెడదాం, రెండో_కాలం గారు చెప్పిన పద్ధతిలోనే. మింగస్ మొత్తం 40 నిమిషాలు దాకా ఉంటుంది, ముందుగా వచ్చేవాళ్ళ కోసం ఆరున్నరకే వేసేద్దాం. పాత_రికార్డు మాస్టారూ, పైఫ్లోర్‌లో ఒకాయన దగ్గర టర్న్‌టేబుల్ ఉంది, అడిగా, ఇస్తానన్నారు, మిమ్మల్ని ఇంటికొచ్చి కార్లో తీసుకొస్తాం, రికార్డులు పట్టుకుని కూర్చోండి చాలు.


పాత_రికార్డు:

సంతోషం బాబూ. ఆ టర్న్‌టేబుల్ సూది కొత్తదో పాతదో ఒకసారి కనుక్కోండి, ఆర్మ్ బరువు సరిగ్గా పెట్టారో లేదో కూడా. జ్యోతి రికార్డు మళ్ళీ దొరకడం కష్టం, గీత పడితే నేను తట్టుకోలేను. కార్బన్ బ్రష్ నేను తెస్తాను.


బ్లూనోట్_బెజవాడ:

కనుక్కుని రేపు పొద్దున్నే చెప్తా మాస్టారూ. సూది పాతదైతే కొత్తది కొనే వేద్దాం.